పైలోరి పాజిటివ్ అని వస్తే గ్యాస్ బిళ్లతో సరిపెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

క్యాన్సర్ అనగానే పేపర్లలో సిగరెట్, గుట్కా గురించి రాస్తారు, రాయాల్సిందే, కానీ కడుపులో కాపురముండే హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా గురించి ఒక్క ముక్క కనపడదు. డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ సంస్థ 1994లోనే దాన్ని మొదటి గ్రూపులో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో పెట్టింది, పొగాకు ఉన్న గ్రూపే అది. మా కావలి వైపేమో కడుపులో మంటంటే కారం తగ్గించు, చేపల పులుసు మానెయ్, మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ల తెచ్చుకో, ఇట్టా ఏళ్లు గడిచిపోతాయి.

మా బాబాయికి ఎండోస్కోపీ చేసి ముక్క తీసి టెస్టుకి పంపారు. రిపోర్టు చివర్లో పైలోరి పాజిటివ్ అనుంది, చీటీలో చూస్తే పరగడుపున పాంటాప్ అనే గ్యాస్ బిళ్ల, ఒక సిరప్పు. డాక్టర్ని అడిగితే ‘అది చాలామందికి ఉంటుంది లేమ్మా’ అన్నారు. నిజమే, ఉన్నోళ్లలో క్యాన్సర్ దాకా పోయేది చాలా తక్కువ మందికే. అట్టాగని రిపోర్టులో కనపడ్డాక వదిలేయడం ఏంది?

మన కణాల్లో పీ53 అని ఒక ప్రోటీన్ ఉంటుంది, డీఎన్ఏ దెబ్బతింటే ఆ కణాన్ని పెరగనీకుండా ఆపే కాపలాదారు. పైలోరిలో కొన్ని రకాలు క్యాగ్-ఏ అనే ప్రోటీన్‌ని కడుపు గోడ కణాల్లోకి ఎక్కిస్తాయి, దాంతో పీ53 త్వరగా విరిగిపోతుంది, పైగా ఏళ్ల తరబడి వాపు ఉంటే పీ53ని తయారుచేసే జీన్‌లోనే మ్యుటేషన్లు, అంటే మార్పులు వస్తాయి. ఇంకో తిరకాసు, క్యాన్సర్ బయాప్సీలో, అంటే తీసిన ముక్కకి ల్యాబ్‌లో పీ53 కనపడేందుకు రంగు వేసి చూసినప్పుడు, ఆ రంగు గట్టిగా పట్టిందంటే మంచి ప్రోటీన్ ఎక్కువుందని సంబరపడకూడదు, చెడిపోయిన పీ53 త్వరగా కరగదు, లోపలే పేరుకుపోతుంది, అందుకే రంగు. కొన్ని మ్యుటేషన్లకైతే రంగే పట్టదు. ఇదంతా పేషెంటుకి విడమరిచి చెప్పే ఓపిక ఎవరికుంది చెప్పండి.

తర్వాత వేరే డాక్టరు యాంటీబయాటిక్స్‌తో 14 రోజుల కోర్సు రాశారు. నోరంతా చేదని బాబాయి మధ్యలో మానేయబోతే పిన్ని ఒప్పుకోలేదు, సగంలో ఆపితే బ్యాక్టీరియా మొండికేస్తుంది మరి. కోర్సు అయిన నాలుగు వారాలకి మళ్లీ టెస్టు చేయించాలి, దానికి ముందు రెండు వారాలు పాంటాప్ లాంటివి డాక్టర్ని అడిగి ఆపాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా నెగటివ్ రావచ్చు.

ప్రభుత్వం ఊళ్లల్లో చేసే స్క్రీనింగ్‌లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే చూస్తున్నారు. ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే మిగతా వాళ్లకి పైలోరి ఉందో లేదో చూసే మలం టెస్టు కనీసం జిల్లా ఆసుపత్రిలో ఫ్రీగా చేయొచ్చు కదా. మీ హెల్త్ పేజీలో ఎవరైనా గ్యాస్ట్రో డాక్టరు చేత దీని మీద రాయించండి.

- ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా