మద్రాసు–వాల్తేరు లైను స్టేషన్ల పాత వ్యాపారాలు: ఆధారాలు పంపినవారికి కృతజ్ఞతలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మద్రాసు నుంచి బెజవాడ మీదుగా వాల్తేరు దాకా ఉన్న రైల్వే స్టేషన్లలో, స్వాతంత్ర్యానికి ముందు పుస్తకాల స్టాళ్లు, భోజనశాలలు ఎవరు నడిపారో, ఏ షరతుల మీద నడిపారో తెలిపే కాగితం ముక్క ఎవరి ఇంట్లో ఉన్నా చూపించమని నేను చేసిన విన్నపానికి మీరు స్పందించిన తీరు నా ఊహకు మించినది. ఒక్కొక్కరికీ విడిగా జాబు రాశాను గానీ, ఆ వ్యాపారాల చరిత్ర రాసే పని ఒక దారికి వచ్చిన ఈ సమయంలో మీ సాయాన్ని నలుగురి ముందూ చెప్పుకోవడం నా విధిగా భావిస్తున్నాను.

ఈ వ్యాపారాల్లో పెద్ద సంస్థల పేర్లు చాలామందికి తెలిసినవే. 1844లో మద్రాసులో ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ నెలకొల్పిన పుస్తకాల సంస్థ దక్షిణాది ప్లాట్‌ఫారాల మీద స్టాళ్లు తెరిస్తే, 1877లో అలహాబాదులో మొదలైన ఏ.హెచ్. వీలర్ కంపెనీ ఉత్తరాదిన అదే పని చేసింది. భోజనాల విషయానికి వస్తే ఈస్ట్ ఇండియన్ రైల్వేలో కెల్నర్ కంపెనీకి ఎంత పేరుందో, మన వైపు మద్రాసు స్పెన్సర్స్‌కు అంత పేరుంది. అయితే ఆ బోర్డు కింద రోజంతా నిలబడి పుస్తకం అమ్మిన మనిషి, వంటగదిలో పొయ్యి దగ్గర మాడిన మనిషి ఈ సంస్థల చరిత్రల్లో కనిపించరు. నేను వెతుకుతున్నది వాళ్లనే.

రైల్వే కాగితాల్లోనూ వాళ్ల జాడ తేలిగ్గా దొరకదు. ఈ లైనును నడిపిన, 1908లో ఏర్పడిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1944 ఏప్రిల్ 1న ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చింది, 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు విజయవాడ డివిజను సికింద్రాబాదు పాలన కిందికి వెళ్లింది. ఇన్ని చేతులు మారిన దస్త్రాల్లో ఒక చిన్న స్టాలు లైసెన్సు కాగితం మిగలడమే విశేషం. అందుకే ఇళ్లలో పెట్టెల అడుగున మిగిలినవాటికి ఇంత విలువ.

ముందుగా, పదవీ విరమణ చేసిన స్టేషన్ మాస్టరు గారికి నా నమస్కారాలు. ఆయన తమ తండ్రిగారి కాలం నాటి టైంటేబుల్ పుస్తకాన్ని నా చేతికి ఇవ్వడమే కాక, దాన్ని ఎలా చదవాలో ఓపికగా కూర్చోబెట్టి నేర్పారు. ఏ స్టేషన్లో రైలు మిగతా చోట్ల కంటే ఎక్కువసేపు ఆగుతుందో గమనిస్తే, అక్కడ భోజనశాల ఉండి ఉండవచ్చునని ఊహించడానికి వీలుంటుంది. ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు లోపలి నుంచి నడిచి వెళ్లే దారి లేని రోజుల్లో, భోజనం చేయాలంటే ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీదికి దిగవలసిందే. పై తరగతుల ప్రయాణికులు గార్డుకు చెబితే, ఎన్ని భోజనాలు కావాలో రాబోయే స్టేషనుకు తంతి వెళ్లేది, రైలు వచ్చేసరికి బల్లలు సిద్ధంగా ఉండేవి. ఈ ఏర్పాటు గురించి నేను చదివి ఉన్నాను గానీ, తంతి అందుకున్నవారి కుమారుడి నోట వినడంలో ఉన్న స్పష్టత వేరు.

నన్ను అన్నిటికంటే కదిలించినది, తాతగారు బుక్‌స్టాల్ ఏజెంటుగా పనిచేసిన ఒక కుటుంబం చూపించిన లెక్కల పుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట, లోపల నిలువు గీతలు, వచ్చినవి, అమ్మినవి, తిప్పి పంపినవి అని మూడు వరుసలు. తిప్పి పంపిన ప్రతి కట్ట ఎదురుగా ఏ రైలుకు వేశారో చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఇంగ్లీషు నవలల పేర్ల నడుమ భారతి మాసపత్రిక పేరు తెలుగు లిపిలో కనిపించినప్పుడు, దాన్ని కొనుక్కుని రైలెక్కిన పాఠకుడెవరో అని చాలాసేపు ఆ పుట దగ్గరే ఆగిపోయాను. ఆ పుస్తకాన్ని చెదల నుంచి, గోదావరి వరద నుంచి కాపాడుకొచ్చిన ఆ ఇంటి కోడలు గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

భోజనశాలల్లో తినడానికి, తాగడానికి కులమతాల వారీగా విడివిడి ఏర్పాట్లు ఉండేవన్న సంగతి కొందరికి రుచించకపోవచ్చు. యూరోపియన్లకు ఒక గది, హిందువులకు వేరు, ముస్లింలకు వేరు, నీళ్లు పోసే మనుషులు కూడా వేరు. ఆ పనిలో ఉన్న తమ ముత్తాత గురించి ఒక మిత్రుడు ఏ దాపరికమూ లేకుండా రాసిన ఉత్తరం వల్లనే ఆ భాగం రాసే ధైర్యం నాకు కలిగింది. దాన్ని పక్కన పెట్టి స్పెన్సర్స్ వారి తెల్ల దుప్పటి బల్లల గురించి మాత్రమే రాస్తే అది చరిత్ర కాదని నా అభిప్రాయం. 1955లో రైల్వేలే స్వయంగా కేటరింగ్ నడపడం మొదలుపెట్టాక పాత కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసినవారు ఏమయ్యారన్నది కూడా ఇప్పుడు ఆ మిత్రుడి సూచన మీదే వెతుకుతున్నాను.

వేటపాలెం సారస్వత నికేతనంలోను, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోను పాత పత్రికల కట్టలు దుమ్ము దులిపి, అడిగిన సంపుటం కంటే ముందు వెనుకల సంపుటాలు కూడా తెచ్చి పెట్టిన సిబ్బందికి, మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో తమిళ, ఇంగ్లీషు దస్త్రాలు చదవడంలో తోడుగా కూర్చున్న పరిశోధక మిత్రురాలికి, పాత పుస్తకాల అట్టల లోపల ఉన్న స్టాలు రబ్బరు ముద్రలను ఫోటో తీసి పంపినవారందరికీ కృతజ్ఞతలు. ఆ ముద్రలు చిన్నవే గానీ, స్టేషను పేరుతో సహా ఉండటం వల్ల ఎక్కడెక్కడ స్టాళ్లు ఉన్నాయో పటం మీద గుర్తు పెట్టడానికి అవే ఆధారమయ్యాయి.

మీరు పంపిన అసలు కాగితాలన్నీ ప్రతులు తీసుకున్న వెంటనే పోస్టులో తిరిగి పంపుతున్నాను. పేరు బయటపెట్టవద్దన్నవారి పేర్లు ఎక్కడా రావు. పెట్టవచ్చునన్నవారి పేర్లు వారి కాగితం ప్రస్తావన వచ్చిన పుటలోనే అచ్చవుతాయి. గూడూరు, ఒంగోలు, సామర్లకోట స్టేషన్ల గురించి నా దగ్గర ఉన్న ఆధారాలు ఇంకా పలచగానే ఉన్నాయి. ఆ ఊళ్లలో ఇటువంటి కుటుంబాలు తెలిసినవారు ఒక మాట చెబితే, నేనే వచ్చి చూసుకుంటాను.