పెళ్లి ఫోటోలు చేతికందించిన తమ్ముడికి కృతజ్ఞతలు

ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతున్న ఒక తమ్ముడికి, తిరుపతిలోని మా ఫోటో స్టూడియో తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పేరు రాయొద్దన్నాడు, అందుకే రాయడం లేదు.

తిరుచానూరులో తీసిన ఒక పెళ్లి ఫోటోలన్నీ మా స్టూడియో కంప్యూటర్లో ఉన్నాయి. అందులో విండోస్ బదులు లినక్స్ మింట్ నడుస్తుంది. ఆ ఫోల్డర్ తెరిస్తే చాలు, ఫోల్డర్లు చూపించే నీమో అనే ప్రోగ్రామ్ విండో అలా కనబడి టక్కున మూసుకుపోయేది. మిగతా ఫోల్డర్లకు ఏ ఇబ్బందీ లేదు. ఆల్బమ్ ఎప్పుడిస్తారని చిత్తూరు నుంచి పెళ్లివారి ఫోన్లు. ఎవరినడిగినా ఫార్మాట్ కొట్టేయమనే సలహానే.

తమ్ముడు ఆ మాటే ఎత్తలేదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, ఫైళ్ల జాబితా చూపించే ఎల్‌ఎస్ అనే ఆదేశం కొట్టాడు. ఫైళ్ల పేర్లు బిలబిలా దిగాయి. "ఫోటోలు యాడికీ పోలేదన్నా, చూపించే ప్రోగ్రామే పడిపోతా ఉంది" అన్నాడు. అప్పుడు గానీ నాకు ప్రాణం కుదుటపడలేదు. అయినా ఫోల్డర్ మొత్తం వేరే హార్డ్ డిస్కులోకి కాపీ అయ్యేదాకా తను ఇంకేదీ ముట్టుకోలేదు. ఆ జాగ్రత్తకే సగం దండాలు పెట్టాలి.

నీమోను టెర్మినల్ నుంచి నడిపితే చివర్లో "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని పడింది, అంటే తనది కాని మెమరీని ముట్టుకోబోయి ప్రోగ్రామ్ కూలిందని. థంబ్‌నెయిల్స్, అంటే ఫోల్డర్లో కనబడే చిన్న బొమ్మలు ఆపి, సిస్టం ముందే తయారుచేసి దాచుకున్నవాటిని పక్కకు తీసి చూశాడు. ఫలితం లేదు. నీమో లాంటిదే థునార్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేస్తే అందులో అదే ఫోల్డర్ హాయిగా తెరుచుకుంది. అంటే గొడవ నీమో వైపే. నీమోకు అదనపు పనులు జోడించే ప్లగిన్లు నీమోలో భాగంగానే నడుస్తాయట, ఒకటి కూలితే విండో మొత్తాన్ని లాక్కుపోతుంది. అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ, ప్రతిసారీ నీమోను పూర్తిగా మూసి తెరుస్తూ వెళ్లాడు. ఫోటో కొలతలు, కెమెరా వివరాలు చూపించే ప్లగిన్ దగ్గర దొరికింది.

నాకది చాలు. తనకు చాలలేదు! కాపీ చేసిన ఫోటోలను సగం సగంగా విడదీస్తూ, పడిపోతున్న సగాన్ని మళ్లీ విడదీస్తూ, చివరికి ఒక్క ఫోటో మీద వేలు పెట్టాడు. వధూవరులు తలంబ్రాలు పోసుకుంటున్న ఫోటో. బొమ్మకు ఏమీ కాలేదు, ఫోటోలు దిద్దే గింప్‌లో చక్కగా తెరుచుకుంది. ఫైలు లోపల కెమెరా రాసిపెట్టే ఎగ్జిఫ్ వివరాలు మాత్రం చెడిపోయాయి. వాటిని చదవబోయి ప్లగిన్ కూలుతోంది. ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే జీడీబీతో, ఎక్కడ కూలిందో చూపించే బ్యాక్‌ట్రేస్ తీసి ఆ ప్లగిన్ రాసినవాళ్లకు కూడా పంపాడు. ఇంకో స్టూడియోకు ఈ తిప్పలు రాకూడదనట.

ఇప్పుడు ఆ ప్లగిన్ ఆపేసి పని చేసుకుంటున్నాం. ఆల్బమ్ ప్రింటుకు వెళ్లింది, తలంబ్రాల ఫోటో రెండు పేజీల నిండుగా పెట్టాం.

తమ్ముడూ, కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు నువ్వు. నీ డిగ్రీ పట్టా ఫోటో మాత్రం మా స్టూడియోలోనే తీయించుకోవాలి, అమ్మానాన్నలనూ వెంటబెట్టుకుని రా. డబ్బు మాట ఎత్తొద్దు.