ఆ ఫొటోలో ఉన్నది చెత్త పొగ

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో, సిటీ పేజీలో, మా వైపు రోడ్డు ఫొటో వేసి కింద 'మంచు దుప్పట్లో నగరం' అని రాశారు. ఆ రోజే ఉత్తరం రాద్దామనుకున్నాను, ఇంట్లో మామయ్య గారికి ఆయాసం ఎక్కువై హాస్పిటల్ చుట్టూ తిరగడంతో ఇన్నాళ్ళకి కుదిరింది. అది మంచు కాదండీ. ఆ టైముకి నేను ఆ రోడ్డు మీదే ఉన్నాను. మా వీధి చివర ఖాళీ ప్లాటులో చెత్త తగలబెట్టిన పొగ అది.

ధనుర్మాసం కదా, ఐదున్నరకే లేచి కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తాను. ఈ ఇరవై రోజుల్లో పొగ లేకుండా ముగ్గు వేసింది మూడో నాలుగో రోజులు. ఎండుటాకులు ఒక్కటే అయితే ఇంత రాయను. వాటితో పాటు పాల ప్యాకెట్లు, థర్మోకోల్ ప్లేట్లు, పిల్లల డైపర్లు అన్నీ ఒకే కుప్ప. ప్లాస్టిక్ కరిగి చుక్కలు చుక్కలుగా మండుతూ కింద పడుతుంటుంది, నల్లటి పీలికలు ఎగిరొచ్చి తడి ముగ్గు మీద వాలతాయి. తుడిస్తే మరకలు.

ఇంట్లో సంగతి వేరే చెప్పాలా? ఈ చలికి కొబ్బరినూనె గడ్డ కట్టడం, రాత్రి తోడేసిన పెరుగు పొద్దున్నకి పాలలాగే ఉండటం మామూలే, ఏటా చూసేదే. కానీ కిటికీలన్నీ బిగించుకున్నా పొగ వాసన పడకగదిలోకి వస్తోంది. దుప్పట్లు డాబా మీద ఆరేస్తే సాయంత్రానికి కాలిన టైరు వాసన. మామయ్య గారికి రోజుకు రెండుసార్లు నెబ్యులైజర్ పెడుతున్నాం. మా మనవరాలు స్కూలుకి దగ్గుతూనే వెళ్తోంది.

ఒకరోజు ఉండబట్టలేక ఊడ్చే ఆమె దగ్గరికి వెళ్ళి అడిగాను. పాపం, పాత స్వెట్టరు చీర మీద వేసుకుని, ఆ మంట దగ్గరే చేతులు కాచుకుంటూ దగ్గుతోంది. "బండి నాలుగు దినాలకోసారి వస్తదమ్మా, అందాక ఈ చెత్త ఏడ వెయ్యాలె? కుప్ప కనవడితే సూపర్‌వైజర్ తిడ్తడు" అంది. ఆమెని ఏమంటాం? రోజంతా ఆ పొగ మింగేది ఆమే. ఇక మా వాళ్ళ సంగతీ చెప్పాలి. బైకు మీద ఆఫీసుకి పోతూ కవరు కట్టి ఆ ప్లాటులోకి విసిరేవాళ్ళు మా వీధిలోనే అరడజను మంది ఉన్నారు.

పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 జరిమానా అంది. ఇన్నేళ్ళలో మా చుట్టుపక్కల ఒక్కరు జరిమానా కట్టినట్టు నేను వినలేదు. మున్సిపాలిటీ యాప్‌లో మూడుసార్లు కంప్లయింట్ పెట్టాను. మూడోసారి 'పరిష్కరించాం' అని మెసేజ్ వచ్చింది, దానికి జత చేసిన ఫొటోలో ఉన్నది వేరే వీధి! ఇంటి పన్ను గుర్తు చేసే మెసేజ్ మాత్రం ఒక్కసారి కూడా అడ్రసు తప్పదు. ఫోన్ చేస్తే ఆ సెక్షన్ మాది కాదంటారు, ఎవరిదో చెప్పరు. పాతికేళ్ళ కిందట మేం ఇక్కడికి వచ్చినప్పుడు ప్రతి పెరట్లో ఎరువు గుంట ఉండేది, ఆకులన్నీ అందులోకే పోయేవి. ఇప్పుడు గజం నేల వదలకుండా సిమెంటు చేశాం, ఆకు రాలితే ఎక్కడ వేయాలో తెలియని పరిస్థితి.

చలికాలం వస్తే టీవీల్లో, పేపర్లలో ఢిల్లీ గాలి గురించే చర్చ. చర్చించాల్సిందే, అక్కడి పిల్లలూ మన పిల్లలే. కానీ 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం వాళ్ళ, గాలి బాగాలేని ఊళ్ళ జాబితాలో హైదరాబాద్ కూడా ఉంది, పటాన్‌చెరు, నల్గొండ ఉన్నాయి, అటు విజయవాడ, విశాఖ కూడా ఉన్నాయి. ఈ సంగతి మీరు ఎంతమందికి చెప్పారు? చలి రాత్రుల్లో నేల దగ్గర గాలి చల్లబడి, దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, పొగ పైకి పోలేక ఇళ్ళ ఎత్తులోనే తిరుగుతుంది. వేసవిలో చెదిరిపోయే పొగే ఇప్పుడు ఎండ ముదిరేదాకా కదలదు. సన్న ధూళి, అదే పీఎం 2.5, 24 గంటల సగటు మన దేశంలో ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 15 చాలంటోంది. సనత్‌నగర్‌లోనో జూపార్క్‌లోనో ఉన్న, గాలిని కొలిచే మీటరు మా వీధి చివరి మంటని ఎలా పసిగడుతుంది?

మరో పది రోజుల్లో భోగి. పాత టైర్లు పోగేసే కుర్రాళ్ళు అప్పుడే తిరుగుతున్నారు. పిడకలూ కట్టెలూ వేసే మంటలో టైరు ఎందుకు పడాలి? ఈ ఒక్కటైనా భోగికి ముందే మీ పత్రిక మొదటి పేజీలో రాయండి.

మున్సిపాలిటీ వాళ్ళని నేను అడిగేది పెద్దదేం కాదు. చెత్త బండి రోజూ రావాలి. కాలనీ పార్కులో ఆకుల కోసం ఒక గుంట తవ్వించాలి, జాగా ఉంది, మేమే చూపిస్తాం. జరిమానా వేస్తే ఊడ్చే ఆమె జీతంలో కోయకుండా, బండి పంపని కాంట్రాక్టరుకి వేయాలి. మీరు మాత్రం ఆ ఫొటో కింద రాసింది తప్పని ఒక్క ముక్క వేయండి. కావాలంటే మీ ఫొటోగ్రాఫర్‌ని ఏ రోజైనా పొద్దున్న ఆరింటికి పంపండి, నేను గేటు దగ్గరే ఉంటాను.

ఇట్లు,
ఒక గృహిణి, హైదరాబాద్ శివారు