బ్యాటరీ గడ్డి మిషన్లు: ఈ వానకాలం మా షాపులో ఏముంటాయి, ఏముండవు

హన్మకొండ, వరంగల్, కాజీపేట కస్టమర్లందరికీ నమస్కారం.

తొలకరి పడ్డప్పటి నుంచి షాపుకు వచ్చేవాళ్లు ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: "ఇంటి ముందట లాన్ ఉంది, బ్యాటరీ మిషన్ ఏది తీసుకోవాలె?" కౌంటర్ దగ్గర నిలబడి హడావుడిగా చెప్తే సగమే చెప్పినట్టవుతుంది. అందుకే ఈ సీజన్‌లో మేం ఏం అమ్ముతున్నామో, ఏం అమ్మడం లేదో, ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ముందు అమ్మనివాటి సంగతి. డబ్బా మీద '48 వీఎఫ్', '88 వీఎఫ్', '288 వీఎఫ్' అని పెద్ద పెద్ద అంకెలు వేసి వచ్చే చవక కట్టర్లు మా దగ్గర దొరకవు. వాటికి గిరాకీ బాగానే ఉంది, మాకు మిగిలేదీ ఎక్కువే. కానీ ఆ అంకె వోల్టేజీ కానే కాదు. అలాంటి ఒక ప్యాక్ స్క్రూలు తీసి కౌంటర్ మీద పెట్టాను, చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూడండి. లోపల వరుసగా కలిపిన ఐదు లిథియం సెల్లు ఉన్నాయి. ఫుల్ ఛార్జిలో సెల్లుకు 4.2 వోల్టులు, ఐదు కలిపితే 21. దాంతో గోడ పక్కన నాలుగు పోచలు కొట్టొచ్చు గానీ వానకాలం గరికను మాత్రం అది కోయలేదు.

పేరున్న కంపెనీల లేబుళ్లు కూడా ఒకసారి ఆగి చదవాలి. '20 వోల్ట్ మ్యాక్స్' అన్నా 18 వోల్టులన్నా లోపల వరుసలో ఉన్నవి అవే ఐదు సెల్లు. ఒకటి ఫుల్ ఛార్జికి దగ్గర లెక్క, ఇంకోటి సగటు లెక్క. '40 వోల్ట్ మ్యాక్స్' అన్నా 36 వోల్టులన్నా కూడా అట్లనే రెండూ ఒకటే. కాబట్టి వోల్టులు ఒక్కటే చూడకుండా పక్కనున్న ఆంపియర్ అవర్‌తో గుణించండి. 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ అంటే 144 వాట్ అవర్లు. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ అంటే అందులో సగం, 72. బ్యాటరీలో ఎంత దమ్ముందో చెప్పేది ఈ లెక్కే. కరెంటు బిల్లు గురించి భయపడేవాళ్లకు ఒక మాట: 144 వాట్ అవర్ల బ్యాటరీని ఒకసారి నింపడానికి యూనిట్‌లో ఐదో వంతు కూడా పట్టదు.

ఇక జాగ లెక్క. మన కాలనీల్లో 200 గజాల ప్లాటంటే ఇల్లు, పార్కింగ్, బోరు, సెట్‌బ్యాక్ పోను పచ్చిక మిగిలేది 30, 40 గజాలు. దానికి చక్రాల బ్యాటరీ మిషన్ వద్దు. పేరున్న కంపెనీ ట్రిమ్మర్ (కర్రలా చేత్తో పట్టుకుని గడ్డి కొట్టేది) గానీ, చేత్తో నెట్టే రీల్ మిషన్ గానీ చాలు. 100 నుంచి 250 గజాల లాన్ ఉన్నవాళ్లకే ఈ బ్యాటరీ మిషన్లు అసలు పనికొస్తాయి. 33 నుంచి 38 సెంటీమీటర్ల వెడల్పు కోసేది, 36 వోల్టులది తీసుకుంటే 150 గజాలు మామూలు గడ్డయితే ఒక ఛార్జితో దాదాపు అయిపోతుంది. వారం పదిరోజులు వాన పడి గడ్డి ఏపుగా లేస్తే మాత్రం ఏ బ్యాటరీ అయినా మధ్యలో ఆగుతుంది. అప్పుడు ముందు ట్రిమ్మర్‌తో పైపైన కొట్టి, తర్వాత మిషన్ పెట్టండి. ఒకేసారి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోస్తే గడ్డి కూడా పసుపెక్కుతుంది. ఐదారు గుంటల పైన ఉన్న ఫామ్‌హౌస్, స్కూలు, ఫంక్షన్ హాలు వాళ్లకు ఇప్పటికీ పెట్రోల్ మిషనే ఇస్తాం.

కంపెనీ పుస్తకాల్లో రాయని విషయం ఒకటుంది, మన ఊరి నేల. కొత్త వెంచర్లలో ప్లాటు లెవెల్ చేయడానికి మొరం పోస్తారు. దాని మీద నాలుగు వేళ్ల మందం ఎర్రమట్టి చల్లి కొరియన్ గ్రాస్ పరుస్తారు. రెండు పెద్ద వానలు పడితే పైమట్టి కొట్టుకుపోయి గడ్డి మొదళ్ల మధ్య గులకరాళ్లు తేలుతాయి. బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. బొటనవేలంత రాయి తగిలినా అంచు సొట్టపోతుంది, ఒక్కోసారి బ్లేడే వంగుతుంది. వంగిన బ్లేడుతో అట్లనే నడిపితే మిషన్ వణుకుతుంది, ఆ వణుకుకు మోటారు బేరింగు పోతుంది. రిపేరుకు వస్తే మేం బ్యాటరీ తీసి, మిషన్‌ను పక్కకు వంచి, ముందు చూసేది బ్లేడునే. అంచు మీద ఎర్రటి గీతలుంటే మొరం తగిలినట్టే. ఇలాంటి జాగలో మొదటి రెండు కోతలు 5 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టండి, కోసే ముందు గట్టి చీపురుతో ఒకసారి ఊడ్వండి. ఎత్తు మార్చడానికి ఒకే లివర్ ఉన్న మోడళ్లనే తెప్పించాం. చక్రం చక్రానికి విడివిడిగా మార్చాల్సినవైతే ఎవరూ మార్చరు.

రేగడి నేలలో తిప్పలు వేరు. తడిగా ఉన్నప్పుడు బరువైన మిషన్ తిప్పితే చక్రాల చాళ్లు పడి, ఎండాక అట్లనే గట్టిపడతాయి. అందుకే రేగడి వాళ్లకు ఇనుప బాడీ కంటే ప్లాస్టిక్ బాడీవే చూపిస్తున్నాం. వాన వెలిసిన తర్వాత ఒక పూట ఎండ తగలనిచ్చి కోయండి. తడిగడ్డి కింద ముద్దకట్టి బ్యాటరీని తాగేస్తుంది.

తుంగను మిషన్‌తో పోగొట్టొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. పోదు. భూమిలో గడ్డలుంటాయి, తవ్వి తీయాల్సిందే. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి గ్లౌజులు వేసుకుని వేర్లతో పీకేయండి.

నాకు ఎక్కువ పట్టింపున్నది బ్యాటరీ ఆయుష్షు మీద. ఇంటి లాన్‌ను ఏడాదిలో పాతిక ముప్పైసార్లకు మించి కోయం. మంచి లిథియం ప్యాక్ కొన్ని వందల ఛార్జీలకు తట్టుకుంటుంది. అయినా మన దగ్గర రెండు మూడేళ్లకే కొన్ని ఎందుకు పడుకుంటున్నాయంటే, ఎండ వల్ల. మే నెలలో వరంగల్‌లో 44 డిగ్రీలు కొత్త కాదు, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. చాలా లిథియం బ్యాటరీలను 45 దాటాక ఛార్జి చేయకూడదు. ఫుల్ ఛార్జితో ఆ వేడిలో నెలలు పడేసి ఉంచితే లోపల్లోపలే సత్తువ పోతుంది. ఎండకాలం మిషన్ షెడ్డులో ఉన్నా పర్వాలేదు, బ్యాటరీని మాత్రం సగం ఛార్జితో ఇంట్లో, బీరువా అడుగున పెట్టండి. కోయగానే వేడి మీద ఛార్జికి పెట్టకుండా అరగంట ఆగండి.

బ్యాటరీ పోతే కొత్తదానికి అయ్యే ఖర్చు ఒక్కోసారి మిషన్ ధరలో మూడో వంతు, కొన్ని మోడళ్లలో సగానికి దగ్గర. అందుకే విడి బ్యాటరీ, బ్లేడు మాకు సప్లై చేస్తామని రాసిచ్చిన కంపెనీల మిషన్లే పెట్టుకున్నాం. ఈ షరతు వల్ల మోడళ్లు తగ్గాయి, మీకు ఎంచుకోవడానికి తక్కువే కనిపిస్తాయి. బిల్లు మీద మిషన్ వారంటీ, బ్యాటరీ వారంటీ విడివిడిగా రాసిస్తున్నాం, ఎందుకంటే రెండూ ఒకటి కావు.

ఇంట్లో ఇప్పటికే బ్యాటరీ డ్రిల్లు ఉంటే, కొనేముందు దాని ప్యాక్ పట్టుకురండి. మకిటా కంపెనీలో ఎల్‌ఎక్స్‌టీ అనే రకం 18 వోల్టుల ప్యాకులు రెండు వేస్తే నడిచే మిషన్లున్నాయి, అవి ఉన్నవాళ్లకు బ్యాటరీ ఖర్చు మిగులుతుంది. బాష్ కంపెనీలో మాత్రం నీలం రంగు ప్రొఫెషనల్ ప్యాక్, ఇంటివాడకపు ఆకుపచ్చ మిషన్‌కు ఎక్కదు, రెండూ 18 వోల్టులే అయినా.

పాడైన బ్యాటరీని చెత్తబండిలో వేయొద్దు, లారీలో నలిగితే మంట పుడుతుంది. 2022 బ్యాటరీ వేస్ట్ నిబంధనల ప్రకారం వాడేసిన ప్యాకులను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. మా దగ్గర ఇవ్వండి, మేం పంపిస్తాం.

ఆదివారం పొద్దున మీ ఇంటికే వచ్చి మీ గడ్డి మీదనే నడిపి చూపిస్తాం, డబ్బులు తీసుకోం. నచ్చకపోతే కొనాల్సిన పనిలేదు. బతుకమ్మ ముందు వారం అందరూ ఒకేసారి పిలుస్తారు కాబట్టి శ్రావణంలోనే చెప్తే మంచిది. వచ్చేముందు గడ్డి జాగ ఎన్ని గజాలో, నేల మొరమా రేగడా, ప్లగ్ పాయింట్ ఎంత దూరమో రాసి పంపండి. ప్రహరీ పక్కన బతుకమ్మకు పేర్చే గునుగు మొలిచి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, దాన్ని వదిలేసి కోస్తాం.