నాయన లేని అంగడి: మా దగ్గర బియ్యం తీసుకునే అందరికీ

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా బియ్యం అంగడి పద్నాలుగు రోజులు మూతపడింది. చాలామంది ఫోన్ చేశారు, నేను ఎత్తలేకపోయాను. మా నాయన పోయారు. డెబ్బై ఏడేళ్లు. పెద్దకర్మ అయిపోయింది, సోమవారం నుంచి అంగడి తీస్తున్నాను.

తీసేలోపు నా తప్పు ఒకటి చెప్పాలి. గత రెండు నెలల్లో మా దగ్గర పాత బియ్యం అని తీసుకున్న కొందరికి కొత్త బియ్యం వెళ్లాయి. అన్నం ముద్దవుతోందని, గంజి ఎక్కువ వస్తోందని ముగ్గురు నలుగురు చెప్పారు కూడా. నీళ్లు తగ్గించి చూడండమ్మా అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. ఆ లాట్ నాయన ఆస్పత్రిలో ఉండగా దించుకున్నది. ఆరు నెలలు దాటిన సరుకు అని మిల్లువాళ్లు చెప్తే నమ్మాను. మూట విప్పి చూడలేదు. అన్నేళ్లూ చూసింది నేను కాదు, ఆయన.

మీకు ఆయన గల్లాపెట్టె పక్కన చెక్కకుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని గింజ కొరికే పెద్దాయనగా తెలుసు. అంతకుముందు ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరు. పెన్న మీది సోమశిల డ్యామ్‌లో చాలా ఏళ్లు, తర్వాత కండలేరు కాలువ మీద. 2006లో డీఈగా, అంటే డిప్యూటీ ఇంజనీరుగా, రిటైరయ్యారు.

మా చిన్నప్పుడు వారంలో ఆరు రోజులు క్యాంపులోనే. శనివారం రాత్రి చివరి బస్సుకి దిగేవారు. ఎంత పొద్దుపోయినా అమ్మ తినకుండా కూర్చునేది. ఆదివారం మా పుస్తకాలకు అట్టలు వేయడం, నాకూ చెల్లెలికీ తలకు నూనె రాసి జడలు వేయడం ఆయన పని. ఆయన వేసిన జడ సోమవారం సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. ఇంట్లో నీళ్ల తొట్టి గోడకి ఎర్రరంగుతో గీతలు గీసి, డ్యామ్‌కి రాసినట్టే పై గీత దగ్గర ఎఫ్ఆర్ఎల్ (నిండు మట్టం) అని, అడుగు గీత దగ్గర డెడ్ స్టోరేజీ (వాడుకోను రాని అడుగు నీళ్లు) అని రాశారు. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారినన్ని నీళ్లని మాకు ఎక్కాలతో పాటే వచ్చు.

1996లో తెలుగుగంగ నీళ్లు చెన్నై వైపు వెళ్లినప్పుడు మమ్మల్ని కాలువ గట్టుకు తీసుకెళ్లారు. కండలేరు నుంచి రాష్ట్ర సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువ. అందులో కొన్ని కిలోమీటర్లు చూపించి, "ఇది నా రీచ్" అన్నారు, అంటే తను చూసుకున్న భాగం. ఆ రోజు ఆయన మొహం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి నాకు ఈ అంగడి పెట్టించారు. కూర్చోవడానికి వస్తానన్న మనిషి, వచ్చిన మొదటివారమే నోటుపుస్తకం తెరిచారు. ప్రతి లాట్‌కీ ఒక పేజీ. ఏ ఊరి వడ్లు, ఏ కారువి (ఏ పంటవి), ఎప్పుడు పట్టించారు, ఎన్ని పుట్లు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కదా, దాన్ని కిలోల్లోకి మార్చి పక్కన రాసేవారు. తేమ మీటరు కూడా ఆయన కొన్నదే. 14 శాతం దాటితే నిలవకు పనికిరాదని వెనక్కి పంపేవారు, మిల్లువాళ్లు మొహం ముడుచుకున్నా సరే. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న బియ్యం ప్యాకింగ్‌ల మీద 5 శాతం జీఎస్టీ వచ్చి 26 కిలోల సంచులు మొదలైనప్పుడు, ఎందుకలా అని అడిగిన ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా చెప్పిందీ ఆయనే.

2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిందని టీవీలో రాగానే పెన్సిల్ తీశారు. చెయ్యేటి నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు ఎప్పటికి చేరతాయి, అక్కడినుంచి మన దగ్గరికి ఎప్పటికి. లెక్క ముగించి, "పడుగుపాడు గోడౌన్‌లో ఒక్క బస్తా కింద ఉండకూడదు, ఈ రాత్రికే" అన్నారు. హమాలీలు దొరకలేదు. నేనూ, మా ఆయనా, అంగట్లో ఇద్దరు పిల్లలూ మోస్తుంటే ఆయన వానలో మెట్ల దగ్గర టార్చి పట్టుకుని నిలబడ్డారు. ఆ రెండు మూడు రోజుల్లో పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మా గోడౌన్‌లో మోకాలి లోతు నీళ్లు. బియ్యం ఒక్క గింజ తడవలేదు.

అమ్మకు పక్షవాతం వచ్చి ఆరేళ్లు. స్నానం, మందులు, తల దువ్వడం అన్నీ ఆయనే చూసుకున్నారు, మమ్మల్ని రానిచ్చేవారు కాదు. కుడిచేతి వేళ్లు తిరిగి పనిచేయాలని పళ్లెంలో గుప్పెడు బియ్యం పోసి ఒక్కో గింజా తీయించేవారు. రోజూ సాయంత్రం అరగంట. మొన్న ఆ అరగంట నేను కూర్చున్నాను. ఇంట్లో ఉన్నవి ఆ లాట్ బియ్యమే. అమ్మ నాలుగు గింజలు తీసి, ఐదోది పంటికింద పెట్టుకుని, "కొత్తవి" అంది. ఆయన పక్కన కూర్చుని ఆమెకూ తెలిసిపోయింది. నాకు తెలియలేదు.

కాబట్టి ఆ లాట్ మొత్తం వెనక్కి తీసుకుంటాను. బస్తా విప్పినా పర్వాలేదు, మిగిలినవి తూచి పాత బియ్యం ఇస్తాను, లేదా డబ్బు. వండేసినవాళ్లకు తర్వాతి బస్తాలో తగ్గిస్తాను. డబ్బు అందరికీ ఒకేసారి కట్టలేను, నెల టైమివ్వండి. నికరంగా పాతవి అని చెప్పగలిగిన బియ్యం ఇప్పుడు నా దగ్గర కొంచెమే ఉన్నాయి. ఎడగారు పంట వడ్లు ఆడించి నిలవ పెట్టేదాకా కొందరికి లేవనే చెప్పాల్సి వస్తుంది, ఏమీ అనుకోవద్దు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా అంగడి మూస్తాను, అమ్మ దగ్గర ఉండాలి.

నోటుపుస్తకంలో ఆయన ఆపిన చోట తర్వాతి పేజీ నుంచి నేను రాస్తున్నాను. ఏ బస్తా కొన్నా దాని పేజీ అడగండి, చూపిస్తాను.