నా మోచేయిని కాపాడిన మీ అందరికీ

నాలుగు నెలల తర్వాత నిన్న పొద్దున కుడిచేత్తో టెన్నిస్ పిల్లలకి ఒక బుట్ట బంతులు మొత్తం ఫీడ్ చేశాను, అంటే ప్రాక్టీస్ కోసం ఒక్కొక్కటే కొట్టి అందించాను, నొప్పి రాలేదు. ఇంట్లో చెప్పాను, ఆ వెంటనే మీకోసం ఇది రాస్తున్నాను.

2004లో సచిన్‌కి టెన్నిస్ ఎల్బో, అంటే మోచేయి బయటివైపు నొప్పి, వస్తే దేశమంతా మాట్లాడుకుంది. మనలాంటి టెన్నిస్ కోచ్‌లకి వస్తే ఆ రోజు బ్యాచ్ లేదు, డబ్బూ లేదు, అంతే. పొద్దున అయిదున్నర నుంచి ఒకే చోట నిలబడి, పిల్లలకి వార్మప్ చేయించి మనం మాత్రం చేయకుండా, గ్యాస్ పోయిన పాత బంతుల్ని మణికట్టుతో విదిలిస్తూ రోజుకి వెయ్యి దాకా కొడతాం. చివరికి నేను పాల ప్యాకెట్ ఎత్తలేకపోయాను, తాళం తిప్పడానికి మా అమ్మాయిని పిలిచేవాణ్ణి. ఒకచోట ఇంజెక్షన్ చేయించుకుంటే మూడు వారాలు హాయిగా ఉంది, తగ్గిందనుకుని మళ్ళీ కొట్టేశాను, రెండో నెలలో ముందుకన్నా ఎక్కువగా తిరగబెట్టింది.

ఫిజియో మేడమ్‌కి ముందుగా దండం. నరం పట్టేసిందని వెళ్తే, నరం కాదు, మణికట్టుని పైకి లేపే కండరం మోచేయి బయటి ఎముకకి అతుక్కునే చోట దెబ్బతిందని నా చేతిమీదే వేలు పెట్టి చూపించారు. పని పూర్తిగా మానేయమనలేదు, మానేస్తే ఇల్లు గడవదని ఆవిడకి తెలుసు. ముంజేయి బల్లమీద ఆనించి, అరచేయి కిందకి ఉంచి, అర లీటరు నీళ్ళ సీసాని ఎడమచేత్తో పైకి లేపి కుడిచేత్తో మెల్లగా, చాలా మెల్లగా దించడం, రోజూ పదిహేనేసి మూడుసార్లు. మొదటి వారం ఇదేం వైద్యం అనుకున్నాను, ఆరో వారానికి తాళం నేనే తిప్పాను.

రాకెట్లకి గట్టింగ్ చేసే, అంటే తీగలు అల్లే తమ్ముడు నా రాకెట్‌లో గట్టి పాలిస్టర్ తీగ తీసేసి మెత్తటిది వేసి, తీగ బిగువు 56 పౌండ్ల నుంచి 48కి దించి, రూపాయి తీసుకోలేదు. పిల్లల అమ్మానాన్నలు ఒక్కరు కూడా ఫీజు ఆపలేదు. నేను నడుం వంచకూడదని చిన్న బ్యాచ్ పిల్లలు బంతులన్నీ వాళ్ళే ఏరి, బుట్టని నా నడుం ఎత్తుకి కుర్చీ మీద పెట్టేవాళ్ళు, ఏడేళ్ళ పాప రోజూ "సార్, చెయ్యి ఇంకా నొప్పా?" అని అడిగి మరీ లైన్లో నిలబడేది.

ఇక అన్నా, నువ్వు. ఎల్బీ నగర్ నుంచి చీకట్లో బండేసుకొచ్చి రెండు నెలలు నా పొద్దుటి బ్యాచ్ నడిపి, ఆ డబ్బు మొత్తం నాకే పంపించావు. నీ భుజం కూడా బాగోలేదని నాకు తెలుసు, సర్వ్ చూపించేటప్పుడు చెయ్యి పూర్తిగా పైకి లేపడంలేదు నువ్వు. మేడమ్ దగ్గర శనివారం నీకు టైమ్ తీసుకున్నాను, నేనే తీసుకెళ్తా. డబ్బు సంగతి ఎత్తితే ఫోన్ పెట్టేస్తున్నావు కాబట్టి అందరి ముందూ ఇక్కడే చెప్తున్నా, సోమవారం నుంచి నీ పొద్దుటి బ్యాచ్‌కి నేనొస్తాను.