పాత కారు స్టార్ట్ కాకపోతే ముందు మీటరు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాక పాత కార్లు తెల్లవారి స్టార్ట్ కాక మొరాయించడం, మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తీ ఎత్తకముందే "బ్యాటరీ పోయిందండీ" అనడం మా కాకినాడలో ఏటా చూస్తున్నదే. ఈ ఏడు ఆ మాట నమ్మి అవసరం లేని రెండు మరమ్మతులకు డబ్బు పోసినవాణ్ని కనుక, లోపం ఎక్కడుందో కొలిచి చూడకుండానే సామాను మార్చేసే అలవాటు గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పుకోదలిచాను.

నాది 1997 నాటి మారుతి 800, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటర్ ఉన్న బండి. పదిహేనేళ్లు నిండినప్పటి నుంచి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నడుపుకొంటున్నాను. ఒకనాటి ఉదయం తాళం తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. హెడ్‌లైట్లు మాత్రం చక్కగా వెలుగుతున్నాయి, తాళం తిప్పినా మసకబారడం లేదు. మొదట వచ్చిన మెకానిక్ కొత్త బ్యాటరీ వేయించాడు. తొమ్మిది రోజులు బాగానే నడిచి, పదో రోజున మళ్లీ అదే 'టక్'. రెండో ఆయన ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్ మోటారు విప్పించి, దానిలోకి కరెంటు అందించే బ్రష్‌లు మార్పించి బిగించినా ఫలితం లేకపోయింది.

చివరికి పాతకాలం ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చి, సంచిలోంచి స్పానరు కాక ఓల్టులు కొలిచే మల్టీమీటరు తీశారు. బ్యాటరీ 12.6 ఓల్టులు చూపింది, అంటే నిండుగా ఉన్నట్టే. నన్ను తాళం తిప్పమన్నప్పుడు కూడా అది 11.8 దగ్గరే ఆగింది. సెల్ఫ్ తిప్పేటప్పుడు తొమ్మిదిన్నర ఓల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి గాని, ఇలా నిలబడితే దాని తప్పేమీ లేదని ఆయన చెప్పారు. తర్వాత మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కు, రెండో కొసను ఇంజను దిమ్మకు ఆనించి మళ్లీ తిప్పమన్నారు. అర ఓల్టుకు మించకూడని చోట నాలుగు ఓల్టులకు పైనే కనిపించింది. బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజనుకు కలిపే ఎర్త్ తీగ గేర్‌బాక్సు మీద బిగించిన చోట బోల్టు విప్పితే తీగ కొసనున్న లగ్గు కింద ఎర్రటి తుప్పు, రబ్బరు తొడుగు కోసి చూస్తే లోపలి రాగిపోగుల నిండా పచ్చటి చిలుము. సముద్రపు గాలి ఇరవై ఏడేళ్లకు పైగా చేసిన పని అది. కొత్త తీగ కొన్ని వందల రూపాయల్లో అయిపోయింది.

ముప్పై ఏళ్లు పిల్లలకు ఓమ్ నియమం (కరెంటును నిరోధంతో గుణిస్తే ఓల్టులు) బోధించినవాణ్ని, నాకు తట్టకపోవడం సిగ్గుచేటే. సెల్ఫ్ మోటారు తిరగడానికి వంద ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి. ఆ దారిలో ఓమ్‌లో పాతికో వంతు నిరోధం అడ్డుపడితే చాలు, నాలుగు ఓల్టులు అక్కడే ఆవిరైపోతాయి. హెడ్‌లైట్లకు పది ఆంపియర్లే చాలు, పైగా వాటి ఎర్త్ బాడీకి వేరుగా ఉంటుంది కనుక అవి వెలుగుతూనే ఉంటాయి. తాళం తిప్పినప్పుడు దీపాలు కొడిగడితే బ్యాటరీనో దాని టెర్మినళ్లనో చూడాలి. కొడిగట్టకుండా సెల్ఫ్ కదలకపోతే తీగలనూ, మోటారుకు కరెంటు కలిపే స్విచ్చయిన సొలినాయిడ్‌నూ, మోటారునూ ఆ వరుసలోనే చూడాలి. మొదటి రోజే దీపాలు నాకు జవాబు చెప్పాయి, వినేవాళ్లం మేమెవ్వరం లేకపోయాం. ఇక కొత్త బ్యాటరీతో తొమ్మిది రోజులు ఎలా నడిచిందంటే, మార్చేటప్పుడు తీగ కదిలి పోగులు కాసేపు అతుక్కున్నాయి, అంతే.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే సంగతి వేరు. అప్పుడు బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. ప్లగ్గులకు నిప్పురవ్వ వస్తోందా, పెట్రోలు అందుతోందా అన్న రెండే ప్రశ్నలు. వానాకాలంలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పడితే పొడిగుడ్డతో తుడిచినంత మాత్రాన బండి లేచిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. కార్బ్యురేటర్ బండ్లలో ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజను ఆపి ఉండగానే త్రాటిల్ మీటను చేత్తో నొక్కితే లోపల సన్నటి పెట్రోలు ధార కనిపించాలి. నెలల తరబడి కదపని కారులో అది కనిపించకపోవడం సహజం, కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కనుక వాడకం లేని బండికి స్టార్ట్ కాని బెడద మరింత.

కుర్ర మెకానిక్‌లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2000 సంవత్సరం తర్వాత వచ్చిన కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ కార్ల మీద, స్కానర్ తెర మీద లోపం సంఖ్య కనిపించే పద్ధతిలో వాళ్లు పని నేర్చారు. స్కానర్ తగిలించడానికి చోటే లేని బండి వచ్చేసరికి ఊహ మీద ఆధారపడుతున్నారు. అయితే ఊహ ఖరీదు బండివాడే ఎందుకు కట్టుకోవాలి? విద్యుత్ సామాను మార్చిన ప్రతి బిల్లు మీదా మార్చకముందు మీటరు చూపిన అంకె రాయాలనీ, తీసేసిన పాత సామాను యజమానికి చూపించాకే పక్కన పెట్టాలనీ గ్యారేజీల సంఘాలు నియమం చేసుకుంటే బాగుంటుంది. నా పాత బ్యాటరీని కొత్తదాని ధరలో కొంత తగ్గించి ఆ రోజే పట్టుకుపోయారు. అది నిజంగా చెడిందో లేదో చూసుకునే వీలు కూడా నాకు మిగల్లేదు.

- విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, కాకినాడ